శిఖంలో పదకొండు సెకన్లు

ఆదివారం ఉదయం ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు సంతోష్ నేల మీద పడ్డాడు. ఏడు ఇరవైకి ఎల్లారెడ్డి ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి. మెడకు ఎడమ పక్క కోత. బెత్తెడు కూడా లేదు. నెత్తురంతా అందులోంచే పోయింది.

కోసింది కత్తి కాదు. విమానం.

ఎస్సై ఎస్తేర్ ఆ చోటికి చేరేసరికి ఏడు నలభై. మే నెల. నిజాంసాగర్ నీళ్ళు వెనక్కి జరిగి, ఎల్లారెడ్డి వైపు శిఖం భూమి అంతా బయటపడింది. నీళ్ళున్నప్పుడు చేపలు పట్టేవాళ్ళది, నీళ్ళు పోయాక ఎవరిదీ కానిది. పలకలు పలకలుగా పగిలి ఉంది. ఒక పక్క మాత్రం ట్రాక్టరు తోలి సాపు చేసిన బాట. ఆ బాట పక్కన నెత్తురు మడుగు. మడుగు పక్కన విమానం.

మనుషులు ఎక్కేది కాదు. చేతిలో రిమోట్ పట్టుకుని ఎగరేసేది. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు నాలుగున్నర అడుగులు. ఎరుపు, తెలుపు. ముక్కు, దానికున్న నెత్తురంటిన పంకాతో సహా, నేలలో దిగబడింది. నడుము విరిగింది. తోక వేరుగా పడి ఉంది.

"బొమ్మ మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బాలయ్య. "గింత బొమ్మ గంత మనిషిని చంపుతదా?"

"చంపింది గదా బాలన్నా."

బాలయ్య ప్యాడు తీశాడు. పంచనామా రాశాడు. దొరికినవి దొరికినట్టు ఏరాడు. ఫోను, జీపు తాళం, తువ్వాల, చిల్లర మూట ఒక కవర్లో పెట్టి, మీద 'మృతుడివి' అని రాశాడు. విమానం ముక్కలు రెండు గోనె సంచుల్లో వేశాడు.

సంతోష్‌ను ఆటోలో ఆసుపత్రికి పంపి, ఎగరేసినవాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. పేరు కలీమ్. ఇరవై తొమ్మిదేళ్ళు. దోహాలో ఏసీ మెకానిక్. సెలవు మీద వచ్చాడు. ఇంకో తొమ్మిది రోజులకు తిరుగు టికెట్. వంటి మీద బనీనే ఉంది. చొక్కా విప్పి సంతోష్ మెడకు చుట్టాడట. రిమోట్ ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"ఎగిరేసింది ఎవరు?"

"నేనే మేడం."

"సంతోష్ ఎక్కడున్నడు?"

"నా ముందట. ముప్పై అడుగుల దూరంల. ఫోన్ల వీడియో తీస్తుండె."

"మరి ఆయనకే ఎట్ల తగిలింది?"

"నా మాట ఇనలే మేడం. లేసుడు లేసుడే నిలువుగ లేసింది. ముక్కు దించుదామని స్టిక్ ముందటికి ఒత్తిన. దిగలే. ఎంత ఒత్తినా దిగలే. గంతల తిరగబడి కిందికొచ్చింది."

"రిమోట్ ఖరాబైందా?"

"లేదు."

"బ్యాటరీ?"

"నిండ ఉండె."

"మరేంది?"

"ఏమో మేడం. నాకెరుక లేదు."

అబద్ధమాడేవాడైతే రిమోట్ చెడిపోయిందనేవాడు. ఎస్తేర్‌కు అక్కడే అనుమానం కలిగింది. కానీ అనుమానంతో మనిషిని విడవలేరు. పట్టుకోవడానికైతే అనుమానం చాలు.

తొమ్మిదిన్నరకు సంతోష్ అన్న మహేందర్ స్టేషన్‌కు వచ్చాడు. వెంట యాభై మంది.

"వాడే గుద్దిండు మేడం. కావాలని గుద్దిండు."

"నువ్వు చూసినవా?"

"చూడకపోతేంది? నిన్న సాయంత్రం ఆరింటికి బస్టాండు కాడ చాయ్ హోటల్ల ఇద్దరు కొట్లాడిన్రు. ముందుగాల ఎవరెగిరెయ్యాలె అని. 'నువ్వు నా ముందట నిలవడ్డవంటే నీ మీదికెల్లే తోల్త' అన్నడు వీడు. నలుగురు ఇన్నరు. అడుగున్రి."

అడిగింది. నలుగురూ విన్నామన్నారు. ఒకడు మాత్రం, "నవ్వుకుంటనే అన్నడు మేడం" అన్నాడు. ఆ మాట రాసుకోవడానికి కాగితంలో గడి లేదు.

ఫిర్యాదు మీద సంతోష్ తల్లి రాజమణి వేలిముద్ర వేసింది. సెక్షన్ నూట మూడు. హత్య. పదకొండింటికి కలీమ్ అరెస్టు. మర్నాడు పదకొండు లోపల కోర్టులో నిలబెట్టాలి. నిలబెడితే రిమాండు. పాస్‌పోర్టు పోతుంది, కొలువు పోతుంది. వయసులో ఎన్నేళ్ళు పోతాయో లెక్క లేదు.

స్టేషన్ బయట రోడ్డుకు ఈ పక్క ఒక గుంపు, ఆ పక్క ఒక గుంపు. పైనుంచి సీఐ ఫోను చేశాడు. "రేపు పొద్దున రిమాండ్ చేసెయ్యమ్మా. ఊరు చల్లబడాలె."

"సార్, ఇంకా..."

ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడు పది. కామారెడ్డి.

శవం పోస్టుమార్టంకు పోయింది. ఎస్తేర్ గోనె సంచులు, రిమోట్, ఫోను తీసుకుని రైల్వే గేటు దగ్గర మిక్సీలు బాగుచేసే కొట్టుకు పోయింది. కొట్టు యజమాని కరీం. ఇరవై రెండేళ్ళు ఎన్‌సీసీ పిల్లలకు చిన్న విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్పిన మనిషి. రిటైరయ్యాక మిక్సీలు విప్పుతున్నాడు.

ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఒక్కో అతుకూ గోటితో గీకి చూశాడు.

"ఇది సగం కట్టి డబ్బల వస్తది మేడం. రెక్కలు, నడుము, తోక తయారుగ ఉంటయి. అతికించుడు, మోటారు బిగించుడు, తీగలు గుంజుడు మనది. ఎన్నాళ్ళు కట్టిన్రట?"

"పదహారు సాయంత్రాలు. ఇద్దరు కలిసి."

"అతుకు చూడున్రి. ఎక్కడ జిగురు కారలే. చెయ్యి మంచిది."

రిమోట్ ఆన్ చేశాడు. స్టిక్ లాగితే తోక చివర కదిలే మడత పైకి. ఒత్తితే కిందికి. తిరకాసు లేదు. కీలు ఒక్కటీ ఊడలేదు. బ్యాటరీలో బలం ఉంది. సిగ్నల్ అందుకునే పెట్టె బాగుంది.

"విమానంల తప్పు లేదు మేడం."

"అయితే తప్పు మనిషిదేనా?"

కరీం విమానం తిరగేశాడు. రెక్క అడుగున పెన్సిల్‌తో పెట్టిన రెండు చుక్కలు చూపించాడు. విరిగిన నడుముకు, తోకకు టేపు చుట్టి, రెక్క బిగించి, ఆ చుక్కల కింద రెండు మునివేళ్ళు ఆనించి పైకెత్తాడు. విమానం వేళ్ళ మీద నీళ్ళ బిందెలా నిలకడగా కూర్చుంది. అటు ఒరగలేదు, ఇటు ఒరగలేదు.

"తూకం గూడ సరిగ్గనే పట్టిండు."

ఎస్తేర్ స్టూలు మీద కూలబడింది. వాణ్ని విడిపిద్దామని వచ్చింది. కరీం చెప్పే ప్రతి మంచి మాటా వాడి మెడకు ఇంకో చుట్టు చుడుతోంది. విమానం బాగుంది. కట్టిన చెయ్యి మంచిది. ఇక మిగిలింది మనసే. దాన్ని బల్ల మీద పరిచి చూపించేదెవరు?

"వీడియో ఉందంటిరి?"

చనిపోయినవాడి ఫోనుకు లాక్ లేదు. చక్రాలు కదిలిన దగ్గర నుంచి తెర నల్లబడేదాకా పదకొండు సెకన్లు. మొదట సంతోష్ గొంతు వినిపిస్తుంది. "పోనీరా, పోనీ! అబ్బా, ఏమున్నదిరా!" చివర ఏమీ వినిపించదు.

కరీం నాలుగుసార్లు చూశాడు. ఐదోసారి ఏడో సెకను దగ్గర ఆపాడు.

"గీడ చూడున్రి. ముక్కు ఆకాశం దిక్కు ఉంది. తోక మడత చూడున్రి."

"కిందికుంది."

"అంటే వాడు స్టిక్ ముందటికి ఒత్తుతున్నడు. ముక్కు దించుతనే ఉన్నడు. అది దిగుతలేదు." ఫోను కింద పెట్టాడు. "పిలగాడు నిజమే చెప్పిండు మేడం. తోక బరువైతే గిట్లనే అయితది. ఇగ దేవుడు గూడ దించలేడు."

"ఇప్పుడే కదా సార్ వేళ్ళ మీద నిలబెట్టిన్రు! తూకం సరిగ్గ ఉందంటిరి!"

"ఇప్పుడుంది. అప్పుడు లేకుండె."

"ఎట్ల?"

"అప్పుడు దాని కడుపుల ఇంకోటేదో ఉండె. ఇప్పుడు లేదు."

సోమవారం ఉదయం ఏడున్నర. ఎల్లారెడ్డి స్టేషన్.

ఎస్తేర్ 'మృతుడివి' అని రాసిన కవరు బల్ల మీద కుమ్మరించింది.

"బాలన్నా, ఈ జీపు తాళం ఎక్కడ దొరికింది?"

"జీపుకే ఉండె మేడం."

"తువ్వాల?"

"జీపు సీటు మీద."

"ఈ చిల్లర మూట?"

"నెత్తురు మడుగు పక్కకు, మూరెడు దూరంల. జేబులకెల్లి పడ్డదనుకున్న."

"సంతోష్ ఒంటి మీద ఏమున్నయి?"

"టీషర్టు. నైటు ప్యాంటు."

"వాటికి జేబులున్నయా?"

బాలయ్య చెయ్యి తన ప్యాంటు జేబు మీదికి పోయింది. "లెవ్వు మేడం," అన్నాడు.

ఆకుపచ్చ బట్ట. లోపల ఐదు బిళ్ళలు. పాత ఐదు రూపాయలవి, మందంగా ఉండేవి. బట్ట పోగుల్లో తెల్లటి చెక్క పొట్టు. ఒక మూలకు బూడిదరంగు స్పాంజి తునక అంటుకుని ఉంది. సిగ్నల్ పెట్టె కదలకుండా కింద వేసే స్పాంజి. కంసాలి తక్కెట్లో పెడితే యాభై ఒక్క గ్రాములు తూగింది.

"ఇది చిల్లర కాదు మేడం," అన్నాడు బాలయ్య నెమ్మదిగా. "ఇమాం జామిన్. దుబాయికి, దోహకు పోయేటోళ్ళకు తురకల ఇండ్లల్ల జబ్బకు కట్టి పంపుతరు. తొవ్వల ఏం గావద్దని."

ఎస్తేర్ కలీమ్ తల్లికి కబురు పంపింది.

తొమ్మిదింటికి అందరూ స్టేషన్ గదిలో ఉన్నారు. కలీమ్ ఒక మూల నిలబడ్డాడు. అతని తల్లి బిల్కిస్, బట్టలు కుట్టే మనిషి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలుచుంది. మహేందర్ కుర్చీలో. గోడకు ఆనుకుని నేల మీద రాజమణి. మైలలో ఉన్న మనిషి ఇల్లు దాటకూడదని పెద్దలు చెప్పినా వినలేదు. "వాణ్ని జైలుకు పంపుడు నా కండ్లతోని చూస్త," అని వచ్చి కూర్చుంది. పొద్దటి నుంచి తల ఎత్తలేదు.

కరీం తన సొంత విమానం తెచ్చాడు. అదే కొలత. మునివేళ్ళ మీద నిలబెట్టాడు. నిలిచింది. తర్వాత రెక్క విప్పి, మూట లోపల వేసి, రెక్క బిగించి, ముక్కు కాస్త పైకెత్తాడు. లోపల ఏదో గరగరమంటూ జారి తోకలో టప్పుమంది. మళ్ళీ వేళ్ళ మీద పెట్టాడు. విమానం తోక మీద చతికిలబడింది.

"గంతే," అన్నాడు. "ఇట్లున్న దాన్ని ఎవలు ఎగిరేసినా గట్లనే అయితది. నేను ఎగిరేసినా గంతే. నడుము ఇరిగినప్పుడు మూట బయటవడ్డది."

ఎస్తేర్ వీడియో చూపించింది. ఏడో సెకను దగ్గర ఆపింది. తోక మడత చూపించి ఏం జరిగిందో చెప్పింది.

"కలీమ్, తూకం ఎప్పుడు చూసినవ్?"

"శనివారం ఐదింటికి మేడం. సరిగ్గ ఉండె."

"ఆదివారం పొద్దున?"

తల దించుకున్నాడు. "మల్ల చూడలే. గాలి లెవ్వకముందే ఎగిరెయ్యాలని తొందరపడ్డం. ఎగిరేసేముందు ప్రతిసారి చూడాలె. చూడలే."

"సంపాలని పెట్టింది కాకపోతే ఇంకేంది?" మహేందర్ లేచాడు. "పచ్చ బట్ట, బిళ్ళలు! తురకల తాయెత్తు మేడం అది. చేతబడి! కొడుకు బయట నిలవడ్డడు, తల్లి లోపల మందు పెట్టింది. బయట ఉన్నోళ్ళకు ఒక్క మాట చెప్తే సాలు..."

"కూసో మహేందర్!"

బిల్కిస్ గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వేసింది. బల్ల మీది బట్ట చూసింది. చూసిన చూపు చూసినట్టే నిలిచిపోయింది. ఒకసారి గోడ దగ్గర కూర్చున్న రాజమణి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"నాదే అమ్మా," అంది. "నేనే పెట్టిన."

"ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున. మా ఇంట్ల."

"అమ్మీ!" కలీమ్ ఉలిక్కిపడ్డాడు. "మనింట్ల యాడుండె? శనివారం సాయంత్రమే సంతోష్ జీపుల ఏసుకొని వాళ్ళింటికి కొంచవోయిండు గదా. రాత్రంత ఆడనే ఉండె."

"చుప్ బైఠో!" బిల్కిస్ కొడుకును కసిరింది. "నీకేం ఎరుక? నేనే పెట్టిన. రాసుకో అమ్మా. ఏలుముద్ర గావాల్నా?"

ఎస్తేర్ మూటను చేతిలోకి తీసుకుంది. ఇంతసేపూ బట్టనే చూసింది, ముడిని చూడలేదు. ముడి వేసిన దారం పసుపు పూసిన దారం. ఇమాం జామిన్‌కు పసుపు దారం ఎవరు కడతారు?

అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం కలగలేదు. ఇక్కడితో ఆపేద్దామా అనుకుంది. ఈ అబద్ధం రాసుకుంటే కలీమ్ హత్య కేసులోంచి బయటపడతాడు. కానీ బయట రెండు గుంపులున్నాయి. చేతబడి అన్న మాట గుమ్మం దాటితే బిల్కిస్ ఈ ఊళ్ళో ఎన్ని రోజులు బతుకుతుంది? నిజం రాస్తే? గోడ దగ్గర కూర్చున్న మనిషికి నిజం ఎవరు చెప్పాలి? ఏ నోటితో చెప్పాలి?

చెప్పే పని పడలేదు. రాజమణి లేచింది.

బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు చూపు ఆనదు. మూటను కళ్ళ దగ్గర పెట్టుకుంది. బట్టను వేళ్ళతో తడిమింది.

"గిది నా రైక గుడ్డ గదనే బిల్కిస్," అంది.

"కాదు రాజక్కా. ఇంకోటి గది."

"నువ్వే గద కుట్టినవ్. మిగిలిన తునక నాకే ఇస్తివి గదా."

బిల్కిస్ చున్నీతో మొహం కప్పుకుంది.

"అమ్మా, నువ్వు కూసో," అన్నాడు మహేందర్. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"నేనే పెట్టిన," అంది రాజమణి. ఎవరితోనూ చెబుతున్నట్టు లేదు. "నిరుడు ఒకటి కట్టిండు. చెరువుల పడి పోయింది. రెండొద్దులు మెతుకు ముట్టలే నా కొడుకు. ఇదన్న పోయి మంచిగ తిరిగొస్తే సాలనుకున్న. కలీమ్ దోహ పోయినప్పుడు బిల్కిస్ వాని జబ్బకు కట్టంగ చూసిన. రెండేండ్లకు పోయినట్టే తిరిగొచ్చిండు. ఇది గూడ ఎగిరిపోయేదే గదా, పయనమే గదా అనుకున్న. రెక్క ఇంక బిగియ్యకుండె. పొద్దున నా కొడుకు తానం చేస్తుంటే రెక్కల సందుల ఆ మెత్తటి దాని కింద పెట్టిన."

రాజమణి కరీం నిలబడ్డ వైపు తిరిగింది.

"నడుమనే పెట్టిన సారూ," అంది కరీంతో. "తోకల పెట్టలే."

"ఔనమ్మా. నడుమనే పెట్టినవ్. ముక్కు లేచినంక జారింది. నీ తప్పు కాదు."

"కడితే జారకపోవు గదా?"

కరీం నేల చూపు చూశాడు. ఇరవై రెండేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. ఒక్క మాట అబద్ధం చెబితే సరిపోయేది. రాలేదు.

"జబ్బకు కట్టాలె దాన్ని," అంది రాజమణి. "వాడు చూస్తే నవ్వుతడని కట్టలే. కట్టాల్సిన దాన్ని పెట్టిన."

ఒక్కసారిగా కలీమ్ వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "నేను చూడకపోతి పెద్దమ్మా, ఒక్కసారి ఏళ్ళ మీద పెట్టి చూసినా దొరుకుతుండె" అని ఏడ్చాడు. రాజమణి అతన్ని లేపలేదు. తొయ్యనూ లేదు. నిలుచున్నది నిలుచున్నట్టే ఉంది.

పది ఐదుకు ఎస్తేర్ సీఐకి ఫోను చేసింది. ఈసారి ఆయన ఫోను పెట్టేయలేదు. నూట మూడు కొట్టేసి నూట ఆరు రాసింది. అజాగ్రత్త. స్టేషన్ బెయిలు. పాస్‌పోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. తొమ్మిది రోజుల్లో చూసుకుంటుందో లేదో ఎస్తేర్ చెప్పలేకపోయింది. రాజమణి పేరు ఎక్కడ రాయాలో ఆమెకు తెలియలేదు. చట్టం పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెతికినా ఆ పనికి సెక్షన్ దొరకదు. సాక్షి అని రాసి వేలిముద్ర తీసుకుంది.

మహేందర్ బయటికి పోయి తమవాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నాడు. ఎందుకని ఎవరో అడిగితే, వినబడనట్టు రోడ్డు వైపు నడిచాడు.

బాలయ్య మూటను కొత్త కవర్లో పెట్టి, లక్క కరిగించడానికి అగ్గిపుల్ల గీశాడు.

రాజమణి గుమ్మం దాకా పోయి ఆగింది. అక్కడే నిలుచున్న బిల్కిస్ చెయ్యి పట్టుకుంది.

"మంచిగ చేరినంక ఆ బిళ్ళలు బీదోళ్ళకు ఇయ్యాలె అంటివి గదనే. చేరకపోతే ఏం జెయ్యాలె?"

ఆచారంలో బిల్కిస్‌కు తెలిసిందంతా చేరినవాళ్ళ గురించే.

రాజమణి ఎస్తేర్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. చదువుకున్నదానివి."

"అవి కేసు ప్రాపర్టీ అమ్మా," అంది ఎస్తేర్. "కోర్టు చెప్పేదాకా ఎవ్వరికీ ఇయ్యరాదు."

బాలయ్య లక్క మీద ముద్ర నొక్కాడు.